క్రూజ్ పెట్టి కాఫీ కలపొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన నెల మావారు సెకండ్ హ్యాండ్‌లో మోటర్‌హోమ్, అంటే లోపలే వంటగట్టు, పడకలు ఉండే ఇల్లులాంటి బండి కొన్నారు. మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్ మీద కట్టిన 24 అడుగుల డీజిల్ బండి. కాగితాల్లో 2017 అని ఉంది. జూన్‌లో అత్తయ్య, మావయ్య వైజాగ్ నుంచి వస్తున్నారు. పిల్లల్ని కూడా తీసుకుని అందరం అమరిల్లో, రటోన్ మీదుగా కొలరాడో వెళ్లాలని ప్లాన్. మావారొక్కరే అంత దూరం నడపలేరని నేనూ నేర్చుకుంటున్నాను.

సమస్య స్టీరింగ్ దగ్గరే. మాకు అమ్మినాయన పాత స్టీరియో తీసేసి పెద్ద టచ్ స్క్రీన్ పెట్టించారు. అప్పటి నుంచీ స్టీరింగ్ మీద వాల్యూమ్, ఫోన్ బటన్లు పనిచేయడం లేదట. ఒక షాపులో అడిగితే స్టీరింగ్ విప్పి చూడాలన్నారు. మావారేమో "స్క్రీన్ మీద నొక్కుకుంటే సరిపోతుందిగా" అంటారు. ఇంకోటి, మొన్న ప్రాక్టీసులో ఎడమ సిగ్నల్ వేయబోయి ఏదో కదిపాను, బండి దానంతటదే వేగం అందుకుంది. గుండె జారిపోయింది. అది క్రూజ్ కంట్రోల్ అని, యాక్సిలరేటర్ తొక్కకుండానే బండిని ఒకే వేగంలో ఉంచే ఏర్పాటని తర్వాత తెలిసింది. ఈ సంగతి మావయ్యగారికి ఫోన్లో చెబితే, క్రూజ్ పెట్టి కాఫీ కలుపుకోవడానికి వెనక్కి వెళ్లినవాడి కథ ఒకటి వాట్సాప్‌లో పంపించి, "ఆ బటన్ల జోలికి పోవద్దమ్మా" అన్నారు. ఎవరి మాట వినాలి? ఏ బటన్ వాడాలి, ఏది వదిలేయాలి? (ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: ముందు మీ మావయ్యగారి కాఫీ కథ తేల్చేద్దామండీ, మీ ఇంట్లో సగం టెన్షన్ దానివల్లే వచ్చినట్టుంది. ఆ కథ నాకు పాత చుట్టమే. వాట్సాప్ లేని రోజుల్లో ఈమెయిళ్లలో తిరిగేది. ఓక్లహోమాలో ఎవరో కొత్త మోటర్‌హోమ్ కొని, హైవే ఎక్కగానే 70 మైళ్ల మీద క్రూజ్ పెట్టేసి, వెనక వంటగట్టు దగ్గరికి వెళ్లి కాఫీ కలుపుకుంటుంటే బండి రోడ్డు దిగి బోల్తా పడిందని, కంపెనీ మీద కేసు వేసి 17 లక్షల 50 వేల డాలర్లూ, పైగా ఇంకో కొత్త బండీ గెలుచుకున్నాడని కథ. అలాంటి కేసు ఏ కోర్టులోనూ జరగలేదు. ఎవరో అల్లిన కథ, అంతే.

అయినా మావయ్యగారి భయం మాత్రం కట్టుకథ కాదు. 1958లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కార్లలో ఈ ఏర్పాటు పెట్టినప్పుడు దానికి ఇచ్చిన పేరే ‘ఆటో-పైలట్’. పేరు అలా ఉంటే జనం ఏమనుకుంటారు మరి! దాన్ని తయారుచేసిన రాల్ఫ్ టీటర్ చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్న ఇంజినీరు. తన లాయరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు నెమ్మదించడం, వినేటప్పుడు వేగం పెంచడం చేసేవాడని, ఆ కుదుపులకు విసిగి టీటర్ ఈ పని మొదలుపెట్టాడని చెబుతారు. కథ ఎంతవరకు నిజమైనా, క్రూజ్ చేసే పని అందులో సరిగ్గా ఉంది. యాక్సిలరేటర్ మీది పాదం వణక్కుండా చూడడమే దాని పని. మలుపు వస్తోందని, ముందు లారీ ఆగిందని, గాలికి బండి పక్కకి జరుగుతోందని దానికి తెలీదు. 2019 నుంచి వచ్చిన స్ప్రింటర్లలో ముందు బండితో దూరం చూసుకునే క్రూజ్ కొన్నిటికి వస్తుంది. మీ బండి దానికి ముందు తరంది. మీరు పెట్టిన వేగాన్ని పట్టుకోవడమే దానికొచ్చు.

ఇప్పుడు మీ గుండె జారిన సంగతి. అందులో మీ తప్పు పెద్దగా లేదు. ఆ తరం స్ప్రింటర్‌లో క్రూజ్‌కి స్టీరింగ్ మీద బటన్ ఉండదు, స్టీరింగ్ వెనక నుంచి ఎడమవైపుకి పొడుచుకొచ్చిన చిన్న కాడ ఉంటుంది. సిగ్నల్ కాడ కూడా ఎడమవైపే. చూపు రోడ్డు మీద ఉండి వేళ్లు వెతుక్కుంటే ఒకదానికి బదులు ఇంకోటి తగలడం మామూలే. కొత్తగా స్ప్రింటర్ ఎక్కినవాళ్లు చాలామంది ఒక్కసారైనా ఇది చేసే ఉంటారు. నేను మూడుసార్లు చేశాను.

ఆ కాడకి నాలుగు పనులు. పైకి కదిపితే అప్పుడున్న వేగాన్ని పట్టుకుంటుంది, మళ్లీ కదిపితే పెంచుతుంది. కిందికి కదిపినా పట్టుకుంటుంది, మళ్లీ కదిపితే తగ్గిస్తుంది. మీ వైపు లాగితే ఇంతకుముందు గుర్తుపెట్టుకున్న వేగానికి తిరిగి పోతుంది. డాష్‌బోర్డు వైపు నెడితే ఆగిపోతుంది. బ్రేక్ తొక్కినా ఆగిపోతుంది. ఈ నాలుగిట్లో మీరు వేలికి నేర్పాల్సింది ఒక్కటే, ముందుకి నెట్టడం. బండిని ఇంటి ముందు ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, కళ్లు మూసుకుని సిగ్నల్ కాడ ఒక యాభై సార్లు, క్రూజ్ కాడ ముందుకి ఒక యాభై సార్లు కదపండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. రోడ్డు మీద వెతుక్కునే పని ఇంటి ముందే అయిపోతుంది.

మీ వైపు లాగడం మాత్రం కొలరాడో ట్రిప్ అయ్యేదాకా వాడకండి. దీని వెనక నా అనుభవం ఒకటి ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక అద్దె మోటర్‌హోమ్‌లో యూటా వెళ్లాం. హైవే మీద 65కి క్రూజ్ పెట్టి, ఎగ్జిట్ తీసుకుని, బ్రేక్ వేసి, క్యాంప్‌గ్రౌండ్ దారి పట్టాను. అది గంటకి 35 మైళ్లు మించకూడని రోడ్డు, రెండు పక్కలా పిల్లలు సైకిళ్ల మీద. ఆ 35నే పట్టుకోమని చెప్పబోయి, ఏ మధ్యాహ్నపు నిద్రమత్తులోనో కాడని లాగేశాను. బండికి గుర్తున్నది 65. ఐదు టన్నుల ఇల్లు ఒక్కసారిగా గర్జించి ముందుకు ఉరికింది. బ్రేక్ మీద పాదం పడేలోగా గడిచింది రెండు సెకన్లే అయ్యుంటుంది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రెండు సెకన్లు నాకు ఇప్పటికీ కలలో వస్తాయి. ‘రెజ్యూమ్’ అనేది ఏ బండిలోనైనా, అది కాడైనా బటనైనా, ఇలాగే చేస్తుంది. ఇప్పుడున్న వేగం దానికి పట్టదు, అది పట్టుకుపోయేది పాతవేగాన్నే. అందుకని హైవే దిగిన ప్రతిసారీ మళ్లీ కొత్తగా సెట్ చేసుకోవడమే మేలు.

క్రూజ్ ఎక్కడ వాడాలి అన్నదానికి మీ దారే చక్కటి పాఠం. డల్లాస్ నుంచి యూఎస్-287 మీద విచిటా ఫాల్స్ దాటాక అమరిల్లో వరకు నేల బల్లపరుపుగా, రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. ట్రాఫిక్ పల్చగా, గాలి లేకుండా, వాన లేకుండా ఉంటే అక్కడ క్రూజ్ పెట్టుకోండి. కాలికి విశ్రాంతి దొరుకుతుంది, డీజిల్ కూడా కాస్త మిగులుతుంది. 62, 63 మీద పెట్టండి. రోడ్డు 75 ఇచ్చినా సరే. ఎత్తయిన పెట్టెలాంటి బండి గాలిని చీల్చుకుంటూ పోవాలి, 60 దాటాక ప్రతి మైలు వేగానికీ డీజిల్ గట్టిగానే తాగుతుంది. చేతులు రెండూ స్టీరింగ్ మీదే, గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట. పాదం మడిచి సీటు మీద పెట్టుకునే అలవాటు కొందరికుంటుంది, అది వద్దు. బ్రేక్‌కి దగ్గరగా నేల మీద ఉండాలి.

అయితే ఆ చదునైన నేల మీదే గాలి కూడా ఉంటుంది. టెక్సస్ ప్యాన్‌హ్యాండిల్, అంటే రాష్ట్రం ఉత్తరపు కొసన వీచే గాలి ఎలాంటిదో డల్లాస్‌లో ఉండే మీకు చెప్పనక్కర్లేదు. పక్క నుంచి గాలి కొడుతుంటే, ఎదురుగా పెద్ద ట్రక్కు దాటినప్పుడు మన బండి ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగుతుంటే, క్రూజ్ తీసేసి 55కి రండి. వానలో కూడా అంతే. నీళ్ల మీద టైరు పట్టు తప్పితే ఏ డ్రైవరైనా ముందు యాక్సిలరేటర్ వదిలేస్తాడు. క్రూజ్ ఉన్న బండిలో ఆ పాదం మీది కాదు, వదలడానికి.

అమరిల్లో దాటి డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా రటోన్ చేరాక అసలు పని మొదలవుతుంది. అమరిల్లోయే దాదాపు 3,600 అడుగుల ఎత్తులో ఉంది. అయినా ఎక్కుతున్నట్టు తెలీదు. రటోన్ కనుమ 7,834 అడుగులు, అక్కడ తెలుస్తుంది. అక్కడి నుంచి ఐ-25 మీద డెన్వర్ వరకు మళ్లీ పర్వాలేదు, మధ్యలో మాన్యుమెంట్ దగ్గర ఒక మిట్ట తప్ప. డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమటికి వెళ్లే ఉద్దేశం ఉంటే ఐసెన్‌హవర్ సొరంగం 11,158 అడుగుల దగ్గర ఉంది. ఆ కొండల్లో క్రూజ్‌ని పూర్తిగా మరిచిపోండి.

ఎందుకో చెబుతాను. ఎక్కేటప్పుడు క్రూజ్‌కి తెలిసింది ఒకటే, వేగం 62 నుంచి తగ్గకూడదు. తగ్గగానే గేరు దించి ఇంజిన్‌ని అరిపిస్తుంది. కాస్త చదును రాగానే గేరు ఎక్కిస్తుంది, మళ్లీ ఎత్తు, మళ్లీ దించుడు. వెనకాల పడుకున్న అత్తయ్యగారు లేచి ‘ఏమైంది నాయనా’ అంటారు. మనిషి నడిపితే ఎత్తు వస్తోందని కంటికి ముందే తెలుస్తుంది, 45కి తగ్గినా పోనీలే అని కుడి లేన్‌లో నిదానంగా పోతాడు. ఇంజిన్ ఎక్కువ వేడెక్కకుండా చూసుకోవడం కూడా ఈ నిదానంలోనే అయిపోతుంది.

దిగేటప్పుడు సంగతి ఇంకా గట్టిది. సొరంగానికి అటూ ఇటూ రోడ్డు 6, 7 శాతం వాలు. అంటే వందడుగులు ముందుకు పోతే ఆరేడు అడుగులు కిందికి. చూడ్డానికి ఏమంత కాదనిపిస్తుంది, మైళ్ల తరబడి ఉంటే మాత్రం బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కొన్ని బండ్లలో క్రూజ్ దిగుడులో కూడా వేగాన్ని పట్టుకోవాలని తనే బ్రేక్ వేస్తుంది, అది చూసి మనం ధైర్యపడతాం. ఎవరు వేసినా వేడెక్కేది ఆ బ్రేకులే. కాబట్టి కొండ అంచు దాటకముందే, పైన ఉండగానే, గేరు లీవర్‌ని ఎడమవైపు ఒకటి, రెండు సార్లు తట్టి గేరు దించండి. మీ బండిలో ఎడమకి తడితే కింది గేరు, కుడికి తడితే పై గేరు. ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, ఆ శబ్దమే మీ బండిని పట్టి ఆపుతోంది, కంగారు పడకండి. దిగేటప్పుడు 40 మించకూడదు అనుకున్నారనుకోండి, 40 తాకగానే బ్రేక్ గట్టిగా నొక్కి 35కి తెచ్చి పూర్తిగా వదిలేయండి. మళ్లీ 40 అయితే మళ్లీ. పాదాన్ని బ్రేక్ మీద ఆనించి మైళ్లకు మైళ్లు దిగకూడదు. పెద్ద ట్రక్కు లైసెన్సుకి చదివేవాళ్లకి కూడా ఇదే నేర్పుతారు. ఘాట్ రోడ్డు దిగిన ఆర్టీసీ డ్రైవర్‌ని ఎవరినైనా అడిగి చూడండి, మాటలు వేరు కావచ్చు గానీ చెప్పేది ఇదే. మావయ్యగారు అరకు రోడ్డు మీద బస్సులు చూసే ఉంటారు కాబట్టి ఈ భాగం ఆయనకి చదివి వినిపించండి, మీకు మద్దతు దొరుకుతుంది.

ఇక పలకని బటన్లు. మీవారి మాట నేను ఒప్పుకోను, క్షమించాలి. టచ్ స్క్రీన్ మీద వాల్యూమ్ తగ్గించాలంటే చూపు తిప్పాలి, చేయి చాచాలి, గాజు మీద సరైన చోటు వెతకాలి. 60 మైళ్ల వేగంలో బండి సెకనుకి 88 అడుగులు పోతుంది. రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే సగం ఫుట్‌బాల్ మైదానం చూడకుండా దాటేసినట్టే. కారులో అదే తప్పు చేస్తే పక్క లేన్‌లోకి కాస్త జరుగుతాం. మోటర్‌హోమ్ అసలే లేన్ నిండా ఉంటుంది, జరగడానికి చోటు లేదు. స్టీరింగ్ బటన్ల గొప్పతనం ఏమిటంటే వాటిని బొటనవేలు గుర్తుపడుతుంది, కళ్లతో పనిలేదు. కాబట్టి బాగుచేయించుకోండి. కానీ స్టీరింగ్ విప్పనివ్వకండి, కనీసం ఇప్పుడే కాదు.

ముందు ఒక చిన్న పరీక్ష. మీ స్టీరింగ్ మీద బటన్లు అన్నీ స్టీరియో కోసమే కాదు. కొన్ని స్పీడోమీటర్ మధ్యలోని చిన్న తెరలో పేజీలు మార్చడానికి ఉంటాయి, అందులో మైళ్లు, సర్వీసు సందేశాలు వస్తాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి కదలకుండా, అవి నొక్కి చూడండి. పేజీ మారుతోందా? హారన్ మోగుతోందా? ఎయిర్‌బ్యాగ్ లైటు స్టార్ట్ చేసిన కాసేపటికి ఆరిపోతోందా? మూడూ అవునైతే స్టీరింగ్ లోపల బాగానే ఉన్నట్టు. తెగింది స్టీరియోతో ఉన్న సంబంధం మాత్రమే.

మూడూ కాకపోతే, అంటే హారన్ మూగబోయి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూ ఉంటే, అనుమానం క్లాక్ స్ప్రింగ్ మీదకి పోతుంది. స్టీరింగ్ గుండ్రంగా తిరుగుతుంది కదా, దాని మీదున్న బటన్ల తీగలు మెలికపడి తెగిపోకుండా లోపల చాప చుట్టలా చుట్టిన పల్చటి రిబ్బన్ ఒకటి ఉంటుంది. తిప్పినప్పుడల్లా అది విప్పుకుంటూ, చుట్టుకుంటూ ఉంటుంది. హారన్, బటన్లు, ఎయిర్‌బ్యాగ్, అన్నిటి తీగలూ దాన్లోనుంచే. అది పోతే మార్చాలి, మార్చాలంటే ఎయిర్‌బ్యాగ్ తీయాలి. బ్యాటరీ తీగ విప్పి, కొన్ని నిమిషాలు ఆగి, పద్ధతి తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని అది. వీడియో చూసి ఇంట్లో మొదలుపెట్టే పని కాదు. మీరు రాసినదాన్ని బట్టి, బటన్లు స్టీరియో మార్చిన రోజు నుంచే ఆగాయి అంటే నాకు క్లాక్ స్ప్రింగ్ మీద అనుమానం లేదు. మిమ్మల్ని ‘విప్పి చూడాలి’ అన్న షాపు వాళ్లు ఈ పరీక్ష చేశారా అని ఒక్క మాట అడగాల్సింది.

జరిగిందేమిటంటే భాషల గొడవ. పాత బండ్లలో బటన్లన్నీ ఒకటో రెండో తీగల మీద వేలాడేవి. ఒక్కో బటన్ వెనక ఒక్కో విలువ ఉన్న రెసిస్టర్. వాల్యూమ్ పెంచే బటన్ నొక్కితే తీగలో ఇంత వోల్టేజి, తగ్గించే బటన్ నొక్కితే అంత. స్టీరియో ఆ వోల్టేజి చూసి ఏ బటనో గుర్తుపట్టేది. మీ స్ప్రింటర్ అలా కాదు. బటన్ నొక్కగానే స్టీరింగ్ దగ్గరి కంప్యూటర్ దాన్ని ఒక సందేశంగా మార్చి క్యాన్ బస్ అనే తీగల జత మీద బండి అంతటికీ చాటుతుంది. మెర్సిడెస్ స్టీరియోకి ఆ భాష వచ్చు. బయట కొన్న టచ్ స్క్రీన్‌కి రాదు. మీ బటన్లు ఇప్పుడు కూడా మాట్లాడుతూనే ఉన్నాయి, వినేవాళ్లే లేరు.

మధ్యలో దుబాసీ కావాలి. దాన్ని స్టీరింగ్ వీల్ కంట్రోల్ అడాప్టర్ అంటారు, అగ్గిపెట్టెలు రెండు మూడు కలిపినంత పెట్టె. మెట్రా వాళ్ల యాక్సెస్, ఐడేటాలింక్ వాళ్ల మాయెస్ట్రో, పాక్, ఇలా కొన్ని పేర్లు షాపుల్లో వినిపిస్తాయి. ఏది కొనాలన్నది మీ బండి, మీ స్క్రీన్ రెండింటి మీదా ఆధారపడుతుంది. ఇక్కడే మోటర్‌హోమ్ వాళ్లు పొరపాటు పడతారు. ఆ కంపెనీల జాబితాలో మోటర్‌హోమ్ బ్రాండ్ పేరు వెతుకుతారు, ఉండదు. వెతకాల్సింది కింది బండి, అంటే మెర్సిడెస్ స్ప్రింటర్ అని. సంవత్సరం కూడా కింది బండిదే. మీ కాగితాల్లో 2017 అన్నది పైన ఇల్లు కట్టినవాళ్లు పెట్టిన మోడల్ సంవత్సరం కావచ్చు, ఛాసిస్ అంతకుముందు ఏడాదిది అవడం ఈ బండ్లలో మామూలు. విన్ నంబరు, అంటే బండి గుర్తింపు సంఖ్యలో పదో అక్షరం చూడండి. ‘జీ’ ఉంటే 2016, ‘హెచ్’ ఉంటే 2017. అడాప్టర్ కొనేముందు ఈ ఒక్క అక్షరం చూసుకుంటే తిప్పి పంపే పని తప్పుతుంది.

స్క్రీన్ వెనక ఎలాంటి ద్వారం ఉందో కూడా చూడాలి. పేరున్న కంపెనీల స్టీరియోలకి ఇయర్‌ఫోన్ పిన్ను పట్టేలాంటి 3.5 మిల్లీమీటర్ల రంధ్రమో, ప్రత్యేకంగా ఒక తీగో ఉంటుంది. ఆండ్రాయిడ్ స్క్రీన్లు చాలావాటికి ‘కీ1’, ‘కీ2’ అని రాసిన రెండు తీగలుంటాయి. అడాప్టర్ అటువైపు క్యాన్ భాష విని, ఇటువైపు స్క్రీన్‌కి అర్థమయ్యేలా చెబుతుంది. బిగించాక ఏ బటన్‌కి ఏ పని అన్నది మీరే నేర్పొచ్చు. ఆండ్రాయిడ్ వాటిలో సెట్టింగ్స్‌లో స్టీరింగ్ బొమ్మ ఉంటుంది, తెర మీద ‘వాల్యూమ్ +’ నొక్కి, స్టీరింగ్ మీద బటన్ నొక్కితే అది గుర్తుపెట్టుకుంటుంది. చిన్నగా నొక్కితే ఒక పని, పట్టి ఉంచితే ఇంకో పని పెట్టుకోవడానికి కూడా కొన్నిట్లో వీలుంది.

నేర్పేటప్పుడు ఏవి పెట్టుకోవాలో నా ఇష్టం చెబుతాను. వాల్యూమ్ రెండూ, ఫోన్ ఎత్తడం, పెట్టేయడం, ఇవి ఎలాగూ ఉంటాయి. తప్పకుండా మ్యూట్ ఒకటి పెట్టండి. వెనక పిల్లల గోల, వంటగదిలో గిన్నెల మోత, పాట, దారి చెప్పే గొంతు, వీటి మధ్యలో అంబులెన్సు సైరన్ ఎటునుంచి వస్తోందో వినాలంటే అన్నీ ఒక్క బొటనవేలితో ఆగిపోవాలి. మీ స్క్రీన్ ఒప్పుకుంటే వెనక కెమెరాని కూడా ఒక బటన్‌కి తగిలించండి. మోటర్‌హోమ్‌కి లోపలి అద్దంలో వెనక దారి కనిపించదు, లేన్ మారేముందు ఒకసారి కెమెరా చూసుకోవడం బాగా అక్కరకొస్తుంది. పాటలు ముందుకీ వెనక్కీ మార్చే బటన్ల సంగతి పిల్లలకి చెప్పకండి, రోజంతా మీ చేత అదే నొక్కిస్తారు.

షాపు వాళ్లకి మీరు చెప్పాల్సిన విషయం ఒకటుంది, కార్లు మాత్రమే చేసేవాళ్లకి అది తట్టదు. మోటర్‌హోమ్‌లో బ్యాటరీలు రెండు రకాలు. ఇంజిన్‌ది ఒకటి, లోపలి ఇంటికి ఒకటి. క్యాంపులో ఆగినప్పుడు కూడా పాటలు వినడానికి చాలా బండ్లలో స్టీరియోకి ఇంటి బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తారు. అడాప్టర్‌కి మాత్రం ఇంజిన్ తాళం తిప్పితేనే వచ్చే కరెంటు ఇవ్వాలి. ఎప్పుడూ కరెంటు ఉండే తీగకి కలిపేస్తే, బండి నెల రోజులు ఇంటి ముందు నిలబడ్డాక ఇంజిన్ బ్యాటరీ పడిపోవచ్చు. తాళంతో వచ్చే కరెంటుకి కలిపితే, తాళం తీశాక స్టీరియో పాడుతూనే ఉంటుంది, స్టీరింగ్ బటన్లు పనిచేయవు. అప్పుడు ‘మళ్లీ పాడైపోయింది’ అని కంగారు పడకండి, అది అలాగే ఉండాలి. ఎర్త్ తీగ కూడా స్టీరియోకీ, అడాప్టర్‌కీ ఒకే చోట కలపమనండి. వేరే చోట్ల కలిపితే వోల్టేజి కాస్త అటూ ఇటూ అయి, వాల్యూమ్ నొక్కితే పాట మారడం లాంటి వింతలు జరుగుతాయి. ఇంకొక మాట, క్యాన్ తీగలు రెండూ ఒకదానికొకటి మెలిపెట్టి ఉంటాయి. బండి కంప్యూటర్లన్నీ మాట్లాడుకునేది వాటి మీదే కాబట్టి, వాటిని కోసి అతికించడం కన్నా ఒరిజినల్ స్టీరియో ప్లగ్‌కి సరిపోయే హార్నెస్, అంటే ప్లగ్ ఉన్న తీగల కట్ట పెట్టడం మేలు. పాత ఓనరు ఆ ప్లగ్ కోసేశారో, అలాగే వెనక వదిలేశారో ముందు చూడమనండి. వదిలేసి ఉంటే మీకు సగం పని తప్పినట్టే.

ఫోన్ బటన్ గురించి ఒక్క ముక్క. 2025 జనవరి 1 నుంచి కొలరాడోలో డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చేతిలో పట్టుకోవడమే నేరం. టెక్సస్‌లో మెసేజ్‌లు కొట్టడం 2017 సెప్టెంబరు నుంచి నిషేధం. కాబట్టి బటన్ పనిచేశాక ఎత్తడం, పెట్టడం దానితోనే. వైజాగ్ నుంచి వచ్చే కాల్స్ మాత్రం మావయ్యగారికే వదిలేయండి, ఎలాగూ ముందు సీట్లో ఆయనే కూర్చుంటారు. హారన్ అన్నది అన్నిటికన్నా పెద్ద బటన్, దాని గురించి మనవాళ్లకి నేర్పాల్సింది ఏమీ లేదు, మరిపించాల్సిందే ఉంది.

ట్రిప్‌కి ముందు రెండు ఆదివారాలు కేటాయించుకోండి. మొదటిరోజు ఇంటి ముందు, కదలకుండా, కాడలూ బటన్లూ వేళ్లకి అలవాటు చేయడం. రెండోరోజు పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, యూఎస్-287 మీద ఒక గంట వెళ్లి క్రూజ్ పెట్టడం, నెట్టి తీసేయడం, బ్రేక్‌తో తీసేయడం, ఒక్కోటి పది సార్లు. మీవారు పక్కన కూర్చుని స్పీడోమీటర్ చదవాలి, సలహాలు ఇవ్వకూడదు. ఇది రాతపూర్వకంగా తీసుకోండి. కాఫీ సంగతి మావయ్యగారిని ఫ్లాస్కులో పోసుకు తెచ్చుకోమనండి. ఆయన సీటు బెల్టు పెట్టుకునే తాగొచ్చు, మీరు అమరిల్లోలో ఆగాక తాగండి.

అడాప్టర్ కొనేముందు విన్ నంబరులోని ఆ పదో అక్షరం, స్క్రీన్ వెనక అంటించిన లేబుల్ మీది మోడల్ నంబరు, ఒరిజినల్ ప్లగ్ ఉందో లేదో, ఈ మూడూ నాకు రాయండి. మీ బండికి ఏ పెట్టె పనిచేస్తుందో చూసి చెబుతాను.